మెడ దాకా

ముక్కు దురద పెడుతోంది. పెట్టదూ మరి! కదలకూడదు అన్నప్పుడే దానికి తానొకటి ఉన్నానని గుర్తొస్తుంది. కదలకండి, గుటక కూడా మెల్లిగా వెయ్యండి, ఇరవై నిమిషాలే, కళ్ళు మూసుకుని ఏదైనా మంచి సంగతి తల్చుకోండి అని రోజుకి పన్నెండుమందికి చెప్తాను నేను. మంచి సంగతట! మొహానికి బెత్తెడు ఎత్తులో తెల్ల ప్లాస్టిక్కు, చెవుల్లో బిరడాలు, తలచుట్టూ పంజరం, ఈ ఎమ్మారై గొట్టంలో పడుకున్న మనిషికి మంచి సంగతి ఎక్కణ్ణుంచి తగలడుతుందో పదకొండేళ్ళలో ఒక్కనాడైనా ఆలోచించానా? నాకైతే అక్క మధ్యాహ్నం మాత్ర బల్లమీద పెట్టానా, నీళ్ళసీసా మూత వదులు చేసి పెట్టానా అన్నదే తిరుగుతోంది బుర్రలో. పెట్టాను. పెట్టాననే అనుకుంటున్నాను. అయినా నేను రోగిగా పడుకోలేదు కదా, కంగారెందుకు. నిన్న మిషన్‌కి కొత్త ప్రోగ్రాం ఎక్కించి, పొద్దున్నే మాంటెవీడియో బస్సెక్కేముందు ఇంజనీరు అన్నాడు, నీళ్ళబుడ్డి పెట్టి చూస్తే చాలదు, బతికున్న తల ఒకటి పెట్టి నడిపించండి, సాయంత్రంలోగా బొమ్మలు పంపండి అని. బతికున్న తలలు ఇక్కడ రెండే. నాతో పనిచేసే వాషింగ్టన్ భుజాలు ఈ గొట్టంలో పట్టవు, పట్టినా మళ్ళీ బయటికి లాగడానికి ఎడ్లు కావాలి. కాబట్టి నాది. కాగితం లేదు, సంతకం లేదు, మన మిషను, మన తల. వంటవాడు ఉప్పు చూసుకున్నట్టే. మధ్యాహ్నం రెండు దాటింది, పైసందూ ఊరంతా భోంచేసి కునుకు తీస్తోంది, రోగులెవరూ రారు, ఇదే సమయం.

నాలుగు బొమ్మలు అనుకున్నాం. నాలుగే. ఒక్కో బొమ్మకి ఒక్కో చప్పుడు, ఒక్కో చప్పుడికి మేం పెట్టుకున్న పేరు. మొదటిది వడ్రంగి, కొట్టిందే కొడతాడు. రెండోది కుట్టుమిషను. మూడోవాడు నత్తివాడు, టక్ టక్ టక్ అని ఆగి, గాలి పీల్చుకుని, మళ్ళీ టక్ టక్ టక్. నాలుగోది లారీ, అది వచ్చిందంటే బల్లతో సహా పళ్ళు కూడా అదురుతాయి. వీళ్ళలో నత్తివాడే అసలు మొనగాడు. మెదడులో నీళ్ళని నల్లగా చేసేసి, మచ్చ ఉంటే మాత్రం తెల్లగా వదిలిపెడతాడు, మసి పట్టిన కుండమీద సున్నం చుక్కలా. బడిపిల్లాడికి కూడా కనిపిస్తుంది. వడ్రంగి అయిపోయాడు, కుట్టుమిషను అయిపోయింది, నత్తివాడు తన నాలుగు నిమిషాలూ నత్తికొట్టి ఊరుకున్నాడు. ఇప్పుడు లారీ రావాలి. రాలేదు. పంపు ఒకటి కీచుకీచుమంటోంది, అంతే. కొత్త ప్రోగ్రాం కదా, ఆలోచించుకుంటోందేమో. తర్వాత టక్ టక్ టక్. నత్తివాడు మళ్ళీ. అదేంటి, నేను కదిలానా? కదిలితే బొమ్మ చెదురుతుంది, చెదిరితే మళ్ళీ తీస్తాం. నేను కదల్లేదు. నా అంత బాగా కదలకుండా ఉండేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ముక్కు ఊడిపోయేలా దురద పెట్టినా వేలు లేపలేదు. కదలకపోయినా మళ్ళీ తీసేది ఎప్పుడంటే, మొదటి బొమ్మలో ఏదో కనబడి, అది నిజమేనా అని చూసుకోవాల్సినప్పుడు. లేదులే, ప్రోగ్రాం తప్పే అయ్యుంటుంది. ఇంజనీరుకి పెళ్ళయి నెలే అయింది, పని మీద ధ్యాస ఎక్కడ ఏడిచింది.

మైకు గరగరమంది. "యానీనా, బాగానే ఉన్నారా? ఇంకొంచెంసేపు కదలకుండా ఉండండి."

ఉండండి! ఉండండి అన్నాడు. వాషింగ్టన్ నన్ను ఉండండి అన్నాడు. పదకొండేళ్ళనుంచి వాడికి నేను బక్కదాన్ని, చీపురుపుల్లని, మా అమ్మ పోయిన రోజున కూడా "ఏడు, బక్కదానా, నేనున్నా ఏడు" అన్నాడే తప్ప అండీ గిండీ అనలేదు. వాడు అండీ అనేది రోగుల్ని. అందర్నీ అంటాడు, కానీ తెరమీద ఏదో కనబడ్డాక అనే అండీ వేరు, అందులో బెల్లం ఎక్కువ పడుతుంది, గొంతు కొంచెం వంగుతుంది. ఇప్పుడు వచ్చింది ఆ అండీ. పంజరం మీద చిన్న అద్దం ఉంటుంది, రోగి భయపడకుండా మా గది కిటికీ కనబడాలని. చూశాను. వాషింగ్టన్ నిలబడి ఉన్నాడు. కూర్చుని చేసే పని నిలబడి చేస్తున్నాడు. ఎడంచేతి దగ్గర ఫ్లాస్కు, దాని పక్కన మాతే బుర్ర, ఆ ఆకుల కషాయం పీల్చే గొట్టం అటు తిరిగి ఉన్నది అటే ఉంది. చేతిలో మాతే లేకుండా వాషింగ్టన్‌ని నేను ఆసుపత్రిలో చూడలేదు, చర్చిలో కూడా చూడలేదు. కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. తెర దగ్గరికి వంగాడు. ఒరేయ్ ముసలోడా, ఏం చూస్తున్నావురా, నా తలే కదా, నాకు చూపించవేం.

తెలీదా నాకు ఏం చూస్తున్నాడో. ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఏడేళ్ళ కిందట, జనవరి, మాకు నడివేసవి, ఎండలకి రోడ్డు మెత్తబడి చెప్పులు అంటుకుంటున్నాయి, మా జుల్మక్క వచ్చి "కుడికన్ను ముందు ఎవరో పాలు పారబోసినట్టుందే" అంది. కళ్ళ డాక్టరు ఎమ్మారై రాశాడు. వేరేవాళ్ళు ఎందుకు, నా చెల్లెలే తీస్తుంది అని ఊరంతా గొప్పలు చెప్పుకుని వచ్చింది, కొత్త లిప్‌స్టిక్ కూడా వేసుకుంది మహాతల్లి, గొట్టంలో ఎవరు చూస్తారని. నత్తివాడు అయ్యాక తెరమీద చుక్కలు. ఒకటి, రెండు, మెదడు మధ్య గదుల అంచున వరసగా. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఒక జబ్బు, నరాల మీది తొడుగుని మన ఒళ్ళే కొరుక్కు తింటుంది, తిన్నచోట మచ్చ మిగులుతుంది. ఎవర్నీ అడగక్కర్లేదు, అప్పటికే అలాంటివి వందల బొమ్మలు తీసి ఉన్నాను. అక్క బయటికొచ్చి, "ఏమైనా కనబడిందా?" అంది. "డాక్టరు చెప్తారు" అన్నాను. "నువ్వు చెప్పు, నువ్వు చూశావుగా." "నాకేం తెలుసే, నేను మీటలు నొక్కేదాన్ని." నవ్వాను కూడా. నవ్వడం ఎలా వచ్చిందో. నరాల డాక్టరమ్మ సముద్రం ఒడ్డుకి సెలవులకి పోయింది, జనవరిలో ఈ దేశంలో ఎవరుంటారు పనిలో. పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ అక్కకి ఏం కావాలంటే అది చేశాను. జుట్టుకి రంగేశాను. పాలకోవా పెట్టి కేకు చేశాను. నాకు తెలిసింది నా మొహంలో కనబడుతుందేమోనని మొహం అటు తిప్పి గిన్నెలు తోమాను. ఆఖరికి గుర్రుపెట్టి నిద్రపోతున్నదాన్ని లేపి, పదవే, వేడినీళ్ళ బుగ్గలకి పోదాం అన్నాను.

మా ఊరివాళ్ళకి సుఖానికీ దుఃఖానికీ ఆ బుగ్గలే కదా. నడుం నొప్పా, బుగ్గలకి పో. మొగుడు వదిలేశాడా, బుగ్గలకి పో. గంట ప్రయాణం, సంచీలో సాండ్‌విచ్‌లు, ఫ్లాస్కు, తువ్వాళ్ళు. అక్క మెడ దాకా దిగింది ఆ పొగలు కక్కే నీళ్ళలో, "అబ్బ, స్వర్గమే" అంది, పక్కనున్న లావుపాటాయన్ని చూసి నాకు కన్ను కొట్టింది. పావుగంట కాలేదు. లేవబోయి కూలబడింది. మళ్ళీ లేవబోయింది, కాళ్ళు దాని మాట వినలేదు. "యానీ, కాళ్ళు ఏవే?" అని నవ్వింది. "కాళ్ళు నీళ్ళలో కరిగిపోయాయే!" అని పడీపడీ నవ్వింది, ఆ లావుపాటాయనా నవ్వాడు, చుట్టూ అందరూ నవ్వారు. ఈ జబ్బున్న నరం వేడి తగిలితే సొమ్మసిల్లుతుందని నాకు తెలుసు. తెలుసునే! చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేశారు. అంత మంచి చెయ్యాలనుకున్న తొందరలో ఆ ఒక్కటీ గుర్తు రాలేదు. చంకల కింద చేతులు పెట్టి గట్టుమీదికి లాగాను. చల్లబడ్డాక కాళ్ళు తిరిగొచ్చాయి. అప్పటికి మాత్రం వచ్చాయి.

డాక్టరమ్మ చెప్పిన రోజు అక్క ఏడవలేదు. ఇంటికొచ్చాక వంటింట్లో నా ఎదురుగా నిలబడింది. "నీకు తెలుసు." తెలుసన్నాను. "ఎప్పట్నుంచి?" చెప్పాను. "పదిహేను రోజులు నా జబ్బు నీ దగ్గరుంది. నాదీ! నాకు చెప్పకుండా జేబులో పెట్టుకు తిరిగావు. నాతో మాతే తాగావు, నా జుట్టుకి రంగేశావు, తీసుకెళ్ళి వేడినీళ్ళలో ముంచావు." "చెప్పే హక్కు నాకు లేదక్కా, డాక్టరే చెప్పాలి." "హక్కట! చెప్పడానికి హక్కు లేదుగానీ నాటకమాడ్డానికి లైసెన్సిచ్చారా?" మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో మూడు నెలలు. ఉప్పు కావాలంటే పిల్లితో చెప్పేది.

నత్తివాడు అయిపోయాడు. ఇదేదో కొత్త చప్పుడు, సన్నగా, ఆపకుండా, తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టు. ఇది అనుకున్న నాలుగింట్లో లేదు. ఇది మచ్చ మధ్యలో రక్తనాళం ఉందా అని చూసేది, ఉంటే ఆ మచ్చ ఈ జబ్బుదే, తలనొప్పులవాళ్ళకీ బీపీవాళ్ళకీ పడే మామూలు మచ్చ కాదు. అంటే మచ్చలున్నాయి. ఉన్నాయా? ఉన్నాయి. మచ్చ. మా భాషలో మాంచా అంటారు, పిల్లల ముట్టుకునే ఆటకీ అదే పేరు, ముట్టించుకున్నవాడే మచ్చ. అందులో విషం మచ్చ అని ఒకటుంది, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ చెయ్యి వేసి పట్టుకునే పరిగెత్తాలి, ఇంకొకర్ని ముట్టుకునేదాకా ఆ చెయ్యి తియ్యకూడదు. అక్క ఎప్పుడూ నా మోకాలి మీదే కొట్టేది, వంగి మోకాలు పట్టుకుని కుంటుకుంటూ దాని వెనకాల పడితే వీధంతా నవ్వేది. దొంగమొహంది, ముట్టుకుని పారిపోయేది. ఇప్పుడు ఎవరు ఎవర్ని ముట్టుకున్నారే అక్కా. ఛీ, అంటుకునే జబ్బు కాదిది. అక్కకి ఉంటే చెల్లెలికి వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, అంతే, కాస్తే, నూటికి ఇద్దరో ముగ్గురో అంటారు. ఆ ఇద్దరుముగ్గురు ఎవరో ఒకరు కావాలి కదా. పోయిన చలికాలం ఎడమకాలి బొటనవేలు వారంపాటు తిమ్మిరెక్కింది, కొత్త బూట్లు అనుకున్నాను. కప్పు చేతిలోంచి జారింది, సబ్బు అనుకున్నాను. మొన్న పక్కింటి రోజీ పేరు గుర్తు రాలేదు, అది సరే, రోజీ పేరు ఎవరికీ గుర్తుండదు. బొటనవేలు కదుపుతున్నాను ఇప్పుడు, తల కదపకుండా వేలు కదిపితే బొమ్మకేం కాదు. కదిలింది. రెండోది కదిలింది. ఎడమది కొంచెం ఆలస్యంగా కదిలిందా? మళ్ళీ. సరిగ్గానే ఉంది. మళ్ళీ.

పోయినేడు ఆ డాక్టరమ్మే మాకు క్లాసు చెప్పింది. ఏ బాధా లేకుండా, వేరే దేనికో తీసిన బొమ్మలో ఈ మచ్చలు దొరికేవాళ్ళున్నారు అంది. వాళ్ళకి జబ్బు వచ్చినట్టా, రానట్టా? రాలేదు, రావచ్చు. ఐదేళ్ళలో ముగ్గురిలో ఒకరికి వస్తుంది, పదేళ్ళకి సగంమందికి. మిగతా సగం ఏ బాధా లేకుండా ముసలితనందాకా పోవచ్చు కూడా. వయసు తక్కువైతే భయం ఎక్కువ. వెన్నుపాములో కూడా మచ్చ ఉంటే ఇంకా ఎక్కువ, అందుకని మెడ కూడా తీసి చూడండి అంది. అలాంటివాళ్ళకి ముందే మందు మొదలుపెడితే మొదటి దెబ్బని వెనక్కి నెట్టొచ్చని ఈమధ్య తేలిందట. వాషింగ్టన్ చెయ్యెత్తి, "డాక్టరమ్మా, వాన రాకముందే గొడుగు వేసుకు తిరగమంటారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనే గట్టిగా నవ్వాను. నాకు ముప్పైయారు. అది తక్కువలోకి వస్తుందా, ఎక్కువలోకి వస్తుందా? అడగాల్సింది.

అక్క స్నానం మంగళవారం, శుక్రవారం, ఆదివారం. ఇవాళ శుక్రవారం. కుర్చీలోంచి బాత్రూం స్టూలు మీదికి నేనే ఎత్తాలి, నా మెడచుట్టూ చేతులు వేస్తుంది, ఒకటీ, రెండూ అని మూడు అనకముందే లేపాలి, మూడంటే బిగుసుకుంటుంది. "గాడిదా, లెక్కలు రావా నీకు" అని తిడుతుంది ప్రతిసారీ. నీళ్ళు గోరువెచ్చగానే, అంతకంటే వేడి ఉండకూడదు. దాని మొగుడు జబ్బొచ్చిన రెండో ఏడే చక్కా పోయాడు, ఆమధ్య సాల్తో ఊరి బస్టాండులో కనబడితే ఆరోగ్యం ఎలా ఉంది అని అడిగాడు, ఎవరి ఆరోగ్యం అన్నాను. నా నడుం, నా చేతులు, ఇవే మా ఇంటికి దూలాలు. ఇవి పోతే? ఇద్దరు ఆడవాళ్ళు రెండు కుర్చీల్లో ఎదురుబొదురు కూర్చుని ముందు నువ్వు లేవవే అంటే నువ్వు లేవవే అని తిట్టుకుంటూ ఉంటాం కాబోలు. నవ్వొచ్చింది. నవ్వితే బొమ్మ చెదురుతుంది. చెదరనీ! చెదిరిపోనీ మొత్తం!

తేనెపట్టు ఆగింది. ఇక లాగుతాడు బయటికి. లారీ కూడా నడపడులే, వాడికి ఇంజనీరు గుర్తుంటేగా. బల్ల కదిలింది. కదిలింది, కానీ బయటికి కాదు. లోపలికి. ఒక జానెడు లోపలికి జరిగి ఆగింది. అద్దంలో కిటికీ పోయింది, వాషింగ్టన్ పోయాడు, తెల్ల ప్లాస్టిక్కు తప్ప ఏమీ లేదు. జానెడు. తల నుంచి మెడకి జానెడే. ఈ బల్లని ఆ జానెడు నేను కొన్ని వేలసార్లు జరిపి ఉంటాను. మెడ తీస్తున్నాడు. తలకి ఎక్కించిన ప్రోగ్రాం చూడ్డానికి ఎవడైనా మెడ తీస్తాడా! చెమట చెవిలోకి జారింది. కుడిచేతిలో రబ్బరు బంతి ఉంది, నొక్కితే గంట మోగుతుంది, వాడు ఆపేసి పరిగెత్తుకొస్తాడు. నొక్కు. నొక్కవేం. నొక్కితే మెడ బొమ్మ ఉండదు, మెడ బొమ్మ లేకపోతే మెడలో ఏముందో ఎవరికీ తెలీదు, వాడికీ తెలీదు, నాకూ తెలీదు, వండుకుని తిని పడుకోవచ్చు. వడ్రంగి మొదలెట్టాడు మెడ దగ్గర. టాక్. టాక్. టాక్. భయమేస్తోంది. అమ్మా, భయమేస్తోంది నాకు. ఐదు నిమిషాలు ఆ బంతి నా గుప్పిట్లోనే ఉంది, నొక్కలేదు, గుటక కూడా వెయ్యలేదు. వణుకు పుడితే మెడ కదులుతుందని పళ్ళు బిగబట్టి ఊపిరి సన్నగా తీశాను. బొమ్మ చెదరకూడదు. వస్తే స్పష్టంగా రావాలి.

బయటికి లాగి పంజరం తీశాడు వాషింగ్టన్. మొట్టమొదట ముక్కు గోక్కున్నాను, తర్వాత లేచి కాళ్ళు కిందికి వేసి కూర్చున్నాను.

"మిషను బంగారంలా ఉందే బక్కదానా," అన్నాడు, ఫ్లాస్కు ఎక్కడ పెట్టానా అన్నట్టు చుట్టూ చూస్తూ.

"మెడ ఎందుకు తీశావు?"

"అదీ... ప్రోగ్రాం మెడకి కూడా..."

"వాషింగ్టన్."

నా పాదాల దగ్గర మెట్టుమీద కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి కూర్చుంటే మెట్టు కిర్రుమంది. "తలలో ఎన్ని?" అన్నాను. లెక్కపెట్టలేదన్నాడు. అబద్ధం అన్నాను. "తొమ్మిది," అన్నాడు. "మెడలో?" అన్నాను. చెయ్యెత్తి తన మెడ వెనకాల ఒకచోట వేలు పెట్టుకున్నాడు.

నా కాళ్ళు నేలకి అందుతున్నాయి, చల్లగా ఉంది నేల. ఎక్కడా ఏ నొప్పీ లేదు. పొద్దున్న ఎలా ఉన్నానో అలాగే ఉన్నాను, అదే ఒళ్ళు, అవే చేతులు, ఆకలి కూడా వేస్తోంది.

"విను," అన్నాడు. "ఇది ట్రయల్ అనే పేరుమీద ఉంది, నీ పేరు ఎక్కడా లేదు. చెరిపేస్తాను. ఇంజనీరుకి నా మోకాలు తీసి పంపుతా, ఏడవనీ. నువ్వు నన్ను అడగలేదు, నేను నీకు చెప్పలేదు. నీకు ఏ బాధా లేదు కదే. రాకపోవచ్చు కూడా, ఆ డాక్టరమ్మే అంది. ఇవాళ పేరు రాశామంటే ఈ క్షణం నుంచి రోగివి. ఎలాగోలా బతికేస్తున్నావు, బతుకు. తెలుసుకుని ఏం చేస్తావు?"

వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నామీద ప్రేమతోనే అంటున్నాడు, అది నాకు తెలుసు. వింటుంటే ఒళ్ళంతా ఔనంటోంది. ఔను, చెరిపెయ్, ఇంటికి పోతాను, శుక్రవారం, నీళ్ళు కాచాలి. ప్రతి తిమ్మిరికీ బూట్లనీ సబ్బునీ తిట్టుకుంటూ ఐదేళ్ళు గడపొచ్చు. ఒక పొద్దున్న అక్కని ఎత్తబోయి ఇద్దరం కలిసి బాత్రూంలో పడొచ్చు. అప్పుడు అది అడుగుతుంది. ఎందుకు పడ్డావే అని కాదు, ఎప్పట్నుంచి తెలుసు అని అడుగుతుంది.

"డాక్టరమ్మ ఎన్నింటికి వస్తుంది?"

"నాలుగింటికి."

"లే. పేరు మార్చు."

"బక్కదానా..."

"లే ముసలోడా, నీ కాళ్ళు పడిపోయాయా?"

లేచాడు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. తెర నేను చూడలేదు, వాడి బట్టతల చూస్తూ గుమ్మంలో నిలబడి చెప్పాను. యానీనా ఇసబెల్ ఎచెవెర్రీ. పుట్టినరోజు చెప్పాను. గుర్తింపు కార్డు అంకెలు చెప్పాను, ఒక్కటీ తడబడలేదు. తర్వాత వాడి చేతులు ఆగిపోయాయి.

"పరీక్షకి కారణం ఏంటి అని అడుగుతోంది. ఖాళీగా వదిలితే ముందుకి పోదు. తలనొప్పి అని రాయనా?"

"నాకు తలనొప్పి లేదు."

"కళ్ళు తిరగడం?"

"అది కూడా లేదు."

"మరేం రాయమంటావే!"

"తెలుసుకోవాలని, అని రాయి."

రెండు వేళ్ళతో కొట్టాడు, మెల్లిగా, తల ఎత్తకుండా. ఒక అక్షరం తప్పు పడింది. దిద్దించాను.